బాలలక్ష్మి చేతికి రాని ఎర్ర పెన్సిల్

తార్నాకలోని ఆ ఆడిట్ ఆఫీసులో ఒక ఆచారం ఉంది. లెక్కలు సరిచూసేటప్పుడు ఇద్దరు కూర్చుంటారు. ఒకరు రసీదులు పైకి చదువుతారు. రెండోవారు ఖాతా పుస్తకంలో ఆ అంకె పక్కన ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెడతారు. టిక్కు పెట్టేవాళ్లు ఆర్టికల్డ్ క్లర్కులు. అంటే ఆడిటరుతో ఒప్పందం రాసుకుని, పని నేర్చుకుని, రేపు తామూ ఆడిటర్లయ్యేవాళ్లు. చదివేది బాలలక్ష్మి. రెండేళ్లుగా ఆమే. నోరెండితే మంచినీళ్లు తాగి మళ్లీ అందుకుంటుంది. మొన్నటిదాకా ఇదేమిటని ఒక్కనాడూ అడగలేదు.

మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ పిల్ల. తండ్రి చంద్రయ్య లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు. యూనివర్సిటీలో బీకాం పాసై, అరవై ఆరులో ఈ ఆఫీసులో చేరింది. "కొన్నాళ్లు నీ పని చూడనివ్వమ్మా, తర్వాత ఒప్పందం రాసుకుందాం" అన్నారు ఆడిటరు సుబ్బరాయుడు గారు. తర్వాత వచ్చిన మగపిల్లలందరికీ రాశారు, ఆమెకు తప్ప. ఆ ఒప్పందం రిజిస్టరైన నాటి నుంచే శిక్షణ లెక్కకొస్తుంది. అది లేనిదే చార్టర్డ్ పరీక్షకు కూర్చోనివ్వరు.

సాయంత్రం ఆఫీసు వదిలాక ఆమె మెట్టుగూడ బస్సెక్కదు. యూనివర్సిటీ లైబ్రరీకి నడుస్తుంది. తనకు రాసే వీల్లేని పరీక్ష ప్రశ్నపత్రాలు ముందేసుకుని ఒక్కో జవాబూ మనసులో రాసుకుంటుంది. ఏ పరీక్ష హాలు ముందైనా పిల్లలు హాల్‌టికెట్లు పట్టుకుని నిలబడితే ఆమె కాళ్లు కదలవు.

"ఏందే, ఆ సదువు పిచ్చి ఇంకా దిగలేదా? బువ్వ సల్లారిపాయె" అంటుంది తల్లి ఉప్పలమ్మ.

"అడుగు బిడ్డా. అడగనోళ్లకు ఎవడిస్తడు?" అంటాడు చంద్రయ్య.

మొన్న శ్రావణంలో, కొత్తగా ఒప్పందం రాసుకున్న రాజలింగం పెన్సిల్ ఆమె ముందు పెట్టాడు.

"అక్కా, నీ గొంతు రేడియోల వార్తల లెక్కుంటది. గా వార్తలు ఇయ్యాల నేను సదువుత. నువ్వు టిక్కు కొట్టు."

"సారు తిడతడేమోరా."

"తిడితే నన్ను గదా. పట్టు."

ఆ పూటంతా ఆమె తలెత్తలేదు. అన్నానికీ లేవలేదు.

సాయంత్రం సుబ్బరాయుడు గారు పేజీ తిప్పుతూ ఆగారు. "ఈ టిక్కులెవరివి?"

"నావి సార్" అంది బాలలక్ష్మి.

ఆయన కోప్పడలేదు. అన్నీ చెరిపించి రాజలింగం చేత మళ్లీ పెట్టించారు. ఎర్ర పెన్సిల్ సరిగా చెరగదు. పేజీల నిండా గులాబీ మరకలు. ఆ అంకెలే మళ్లీ ఆమె చేత చదివించారు.

చదవడం ముగించి, అప్పుడడిగింది. "నాకు ఒప్పందం ఎప్పుడు రాస్తరు సార్?"

"మిల్లుల ఆడిట్‌కి వరంగల్ వెళ్లాలి. వారాలు వారాలుండాలి. ఎక్కడ పడుకుంటావమ్మా?"

"మా మేనత్త గాడనే ఉన్నది సార్."

"రేపు పెళ్లయితే?" అని నవ్వారు. "అయినా నీకేం తక్కువ? నీలా తడబడకుండా చదివేవాళ్లు ఈ ఊళ్లోనే లేరు."

ఆయన్ను చెడ్డవాడని ఎవరూ అనరు. పండక్కి ఆమెకు చీర కూడా పెడతారు. కానీ ఆయన ఒక మనిషి రెండేళ్ల శిక్షణను మింగేశారు. దీన్ని ఇంతకన్నా మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

బాలలక్ష్మి ఇంకా ఆ కుర్చీలోనే ఉంది. వదిలేస్తే అంకెల దగ్గర కూర్చునే ఆ కాస్త చోటూ పోతుందని భయం. ఇది చదివే ఆడిటర్లలో ఒక్కరైనా ఆమెకు ఒప్పందం రాయండి. దుకాణం లెక్కలు ఆడిట్‌కిచ్చే వ్యాపారులారా, ఈసారి పుస్తకాలు అప్పగించే ముందు అడగండి: "మీ దగ్గర రసీదులు చదివే అమ్మాయికి ఒప్పందం రాశారా?" లేదంటే ఆ పుస్తకాలు చంకన పెట్టుకుని వెనక్కి రండి.