ఎద్దు పేరు మార్చని మా బావ

మా బావ పోయిన కబురు చెప్పడానికి కొండసందుకు నేనే వెళ్ళాను. తిరుత్తణిలో పొద్దున మొదటి బస్సెక్కి, ఆఖరి స్టాపులో దిగి, అక్కణ్ణించి రెండు కొండల మధ్య మూడు మైళ్ళు నడిచి పెద్దాయన ఇంటి ముందు నిలబడ్డాను. పెద్దాయన పోయి కొన్నేళ్ళయింది. ఆయన కోడలు వాకిట్లో వేరుశనక్కాయలు ఆరబోస్తోంది. నన్ను చూసి నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది.

"బావ పోయినాడమ్మా, నిన్న సాయంత్రం" అన్నాను.

ఆమె చేట కింద పెట్టింది. ఆ తర్వాత అడిగింది. "నిజంగానా అన్నా, బుక్కులోనా?"

చావు కబురు మోసుకొచ్చినవాణ్ణి ఇట్లాంటి ప్రశ్న వేస్తారా అని మీరు అనుకోవచ్చు. ఇంకెవరైనా వేసుంటే నాకూ కోపం వచ్చేది. కానీ ఆ ఇంటివాళ్ళకు అది అడిగే హక్కుంది. నిజంగానేనని నేను ఒట్టుపెట్టినా ఆమె నమ్మలేదు. ఒకతూరి మోసపోయినాం, ఈ తూరి నా కండ్లతో చూసినాకనే అని, చేతులు కడుక్కుని, చెప్పులేసుకుని నాతో బయల్దేరింది. దారిలో ముందే చెప్పేసింది, చూడ్డానికే వస్తున్నానని, ఏడవనని.

మా బావ అంటే మా అక్క మొగుడు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. నవలలు రాసేవాడు. రిటైరై ఏడాది కూడా కాలేదు. ఆయన రాసిన మొదటి మూడు నవలలూ ఆ కొండసందు గురించే. పుస్తకాల్లో దాన్ని లోయ అన్నాడు. అక్కడివాళ్ళకు ఆ మాట తెలీదు. తాము ఉండేది లోయలో అని తెలిసినప్పుడు వాళ్ళు కొంచెం భయపడ్డారు కూడా. మొదటి నవల తప్పిపోయిన ఆవు గురించి, రెండోది ఇద్దరన్నదమ్ములు పంచుకోలేని బావి గురించి. మూడోదాని గురించే ఈ గొడవంతా. తర్వాత ఆయన మద్రాసు మనుషుల మీద కూడా రాశాడు. అవి ఎట్లున్నాయని నన్నడిగితే, వాటిల్లో ఒక్క పశువూ లేదని చెప్పి ఊరుకుంటాను.

ఆయన రాసే పద్ధతే వేరు. వానలకు ముందు గొంతువాపు సూదులు వెయ్యడానికి సైకిలు మీద కొండసందుకు పోయేవాడు. సైకిలు వెనకాల మందు పెట్టుకునే ఐసుపెట్టె. మనుషులు పశువు మెడ పట్టుకుని నిలబడితే ఈయన సూది వేసేవాడు. పశువును పట్టుకున్న మనిషి ఊరికే ఉండలేడు, ఏదో ఒకటి మాట్లాడతాడు. వాళ్ళు మాట్లాడిందంతా చెట్టు కింద కూర్చుని, పాత రిజిస్టరు కాగితాల వెనక వైపు రాసుకునేవాడు. తిరిగొచ్చేటప్పుడు మందు అయిపోయి ఖాళీగా ఉన్న ఐసుపెట్టెలో ఆ కాగితాలు పెట్టుకొచ్చేవాడు, వానకు తడవకుండా. తెలుగు పాఠకులు మా బావ కథలు వేడివేడిగా చదివారని ఒక పత్రికలో ఎవరో రాశారు. నేను మాత్రం చల్లగా, టింక్చరు వాసనతో చదివాను.

వాటికి మంచి ప్రతి రాసే పని నాది. అప్పుడు నేను మద్రాసులో ఒక ఫ్యాక్టరీలో గుమాస్తాని, రోజూ రైల్లో పోయి వచ్చేవాణ్ణి. తిరుత్తణిలో ఎక్కితే సీటు దొరికేది, అట్ట మీద కాగితం పెట్టుకుని రాసేవాణ్ణి. తిరువళ్ళూరు వచ్చిందంటే జనం ఎక్కి మోచెయ్యి కదలనిచ్చేవాళ్ళు కాదు. అందుకని ఏ ప్రకరణమైనా తిరువళ్ళూరు లోపల ముగించమని బావకు చెప్పేవాణ్ణి. ఆయన పాపం ముగించేవాడు. ఒకసారి మద్రాసులో వారపత్రిక ఎడిటరు బావకు ఉత్తరం రాశాడు. మీ ప్రతి రాసేవారికి చేతి వణుకు ముదిరినట్టుంది, మంచి డాక్టరుకు చూపించండి అని. బావ ఆ ఉత్తరం ఇంటిల్లిపాదికీ చదివి వినిపించి, ఎద్దులకేసే సూది బయటికి తీసి, చెయ్యి చాపమన్నాడు.

ఇక అసలు సంగతి. బావ తన కథల్లో మనుషుల పేర్లన్నీ మార్చేవాడు. పేరుతో ఊరుకోడు, ముక్కు మార్చేవాడు, నడక మార్చేవాడు, నల్లటివాణ్ణి తెల్లగా చేసేవాడు. కన్నతల్లి కూడా గుర్తుపట్టలేనట్టు చేసేవాడు. పశువుల పేర్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే దింపేవాడు. ఇదేం పద్ధతి బావా అని అడిగాను. "మనిషికి ఏ పేరు పెట్టినా సర్దుకుంటాడురా. పశువుకు పేరు మారిస్తే తిరిగి చూడదు" అన్నాడు. అది కాగితం మీది పశువు కదా అంటే, అయినా సరే అన్నాడు.

కొండసందులో పెద్దాయనకు రెండెద్దులుండేవి. ఒకదాని పేరు కలెక్టరు, రెండోదాని పేరు ప్యూను. కాడి కట్టినప్పుడు కలెక్టరు ఊరికే పక్కన నడిచేది, బరువంతా ప్యూను లాగేది. ఆ పేర్లు అట్లా వచ్చినవే. ఈ సంగతి తెలీక, నవల్లో ఆ పేర్లు చూసి ఎవరో విమర్శకుడు అందులో ప్రభుత్వం మీద గొప్ప వ్యంగ్యం ఉందని రాశాడు. అది చదివి బావకు జ్వరం వచ్చింది. ప్రభుత్వోద్యోగి కదా. సూదులెయ్యడానికి పోయినప్పుడు, నా ఎద్దు పేరు పుట్టినప్పటి నుంచీ ఇదే అని పెద్దాయన చేత కాగితం మీద వేలిముద్ర వేయించుకొచ్చి, ఎవరైనా అడిగితే చూపించడానికి జేబులో పెట్టుకుని తిరిగాడు. ఎవరూ అడగలేదు.

ఆ పెద్దాయనకూ కోడలికీ మాటల్లేవు. ఆమె కాపరానికొచ్చిన కొత్తలో పులుసులో ఉప్పెక్కువైందని ఆయన అన్నాడట, అట్లయితే మీరే చేసుకోండని ఆమె అన్నదట. అంతే, నాలుగేళ్ళు. ఆమె మొగుడు లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి, రాజీ చేసేవాళ్ళు లేరు. ఏం చెప్పుకోవాలన్నా ఇద్దరూ ఎద్దుతో చెప్పేవాళ్ళు. ఆమె గడప మీద నిలబడి, "కలెక్టరూ, సంగటి సల్లారిపోతా ఉండాది" అనేది. ఈయన అరుగు మీద నుంచి, "వస్తాండానని సెప్పు కలెక్టరూ" అనేవాడు. కలెక్టరు నెమరేసుకుంటూ నిలబడేది. బావకు ఇది చూస్తే ప్రాణం లేచొచ్చేది. మూడో నవల మొత్తం దీనిమీదే కట్టాడు. వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకోవాలని ఆయనకు మహా ఆశ. ఎట్లా మాట్లాడించాలో తోచలేదు. వారపత్రికలో సీరియల్‌గా వస్తుండగా, పదకొండో వారం కథలో పెద్దాయనను చంపేశాడు. చనిపోయిన మామ కాళ్ళ దగ్గర కోడలు కూలబడి, బొటనవేలు పట్టుకుని, "మామా, సంగటి సల్లారిపోతా ఉండాది, లెయ్" అని మొదటిసారి ఆయనతో మాట్లాడుతుంది. నేను ఆ ప్రకరణం రైల్లో రాస్తూ అరక్కోణం దగ్గర ఏడ్చాను. ఎదురు సీటాయన నాకు అరటిపండు ఇచ్చాడు.

ఆ సంచిక ఊత్తుకోటలో ఒక కొట్టులో చదివారు. ఆ కొట్టు పెద్దాయన కూతుర్నిచ్చిన వియ్యంకులది. వాళ్ళు తెలుగు పత్రికలు విడవకుండా చదివేవాళ్ళు. మనుషుల్ని గుర్తుపట్టలేదు గానీ కలెక్టరును గుర్తుపట్టారు. ఆ పేరుతో భూమ్మీద ఇంకో ఎద్దు లేదు. పత్రికలో అచ్చయిందంటే చావు నిజమే అయుండాలి, కబురు మనకు మాత్రం పంపలేదు చూడు అని బాధపడి, పెద్దాయన కూతురు నిండు నెలల్లో ఉందని ఆమెకు చెప్పకుండా ఇంట్లో వదిలి, చావింటికి తీసుకుపోయే కొత్త పంచె, పూలమాల కొనుక్కుని, ఎనిమిది మంది బయల్దేరి వచ్చారు.

ఆ పూట పెద్దాయన అరుగు మీద కూర్చుని చింతకాయలు కొడుతున్నాడు. వియ్యంకులు సందు మొదట్నుంచే గట్టిగా ఏడుస్తూ రావడం చూసి, ఊత్తుకోటలో తన కూతురికేదో అయిందనుకుని, ఆయనా లేచి గుండెలు బాదుకుంటూ ఎదురుపోయాడు. ఇద్దరు వియ్యంకులూ ఒకరి భుజం మీద ఒకరు పడి చాలాసేపు ఏడ్చారు. అప్పుడు పెద్దాయన అడిగాడు, "ఎవురు బావా పోయినారు?" అని. వియ్యంకుడు తలెత్తి చూసి అరుగు మీద కూలబడ్డాడు. చావుకు తెచ్చిన పంచె తిరిగి ఇంటికి తీసుకుపోకూడదు. అందుకని దాన్ని అక్కడే పెట్టి, అన్నం తిని వెళ్ళిపోయారు.

మరునాడు కొండసందు నుంచి ఆసుపత్రికి మాట వచ్చింది, కాంపౌండరు ఇటు అడుగు పెట్టకూడదని. అడుగు పెడితే కాళ్ళు విరుస్తామని అనలేదు. కలెక్టర్ని వదుల్తామన్నారు. ఆ ఎద్దు కొమ్ములు బావకు బాగా తెలుసు.

నవల ముగియడానికి ఇంకా ఆరు వారాలున్నాయి. ఎడిటరు తొందరపెడుతున్నాడు. చచ్చినవాణ్ణి బతికిద్దామంటే పాఠకులు ఏడ్చి ఉత్తరాలు రాశారు, ఒప్పుకోనన్నాడు. బావకేమో ఆ నేల మీద నిలబడకుండా ఒక్క వాక్యం రాదు. నాలుగు రోజులు ఇంట్లో కూర్చుని ఆకాశం గురించి రెండు పేజీలు రాశాడు. బావ ఆకాశం గురించి రాశాడంటే కథ ఆగిపోయిందని అర్థం. ఇంక నేను రాయలేను, ఆ సందు లేకపోతే నేను ఉత్త సూదులేసేవాణ్ణి అని మొహం తిప్పుకున్నాడు. ఆ ముసలాయనకు బదులు ఎద్దును చంపేసుంటే పోయేది కదా అంది మా అక్క. బావ నిర్ఘాంతపోయి, "కలెక్టర్నా?" అన్నాడు. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

చివరికి పెద్దాయనే మళ్ళీ కబురు పెట్టాడు. ఆయనకు చదువు రాదు, ఊళ్ళో చదువుకున్న పిల్లలకు అరవమే వచ్చు. నన్నెట్ల సంపినాడో సదివి వినిపించమను, ఆ మీదట యోచన చేస్తా అన్నాడు. ఆదివారం మధ్యాహ్నం నేనూ బావా వెళ్ళాం. బావ నా వెనకాల నడిచాడు. ఊరంతా వాకిట్లో కూర్చుంది. కోడలు గడపలో బియ్యం ఏరుతోంది. కలెక్టరు కట్టుగొయ్య దగ్గర నిలబడి ఉంది.

నేను చదవడం మొదలుపెట్టాను. పెద్దాయన మధ్యలో ఆపి ఆపి తప్పులు పట్టాడు. నేను తూర్పు పక్క పండుకోను, ఆడ చీమలు అన్నాడు. కాపీ తాగినట్టు రాసినారే, నేను తాగను, అంబలి అని పెట్టండి అన్నాడు. బావ వినయంగా జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నాడు. చావు దగ్గరికొచ్చాను. కోడలు బొటనవేలు పట్టుకుని ఏడ్చే చోటు వచ్చింది. అందరూ గడప వైపు చూశారు.

"బొటనేలు పట్టుకోని ఎవురన్నా ఏడుస్తారా?" అంది ఆమె, బియ్యం మీంచి తలెత్తకుండా. "మా సందులో తలకాడ కూసోని ఏడుస్తారు. ఈయనకేం తెలుసు."

పెద్దాయన ఆ మాట పట్టించుకోలేదు. "ఇంగొకతూరి సదువప్పా, ఆ కోడలు ఏడిసేది" అన్నాడు. చదివాను. మళ్ళీ చదవమన్నాడు. మూడోసారి చదువుతుంటే ఆయన తువాలుతో మొహం తుడుచుకున్నాడు. అప్పుడు బావ వైపు తిరిగి, "ఉండనీ కాంపౌండరయ్యా. మార్చొద్దు. బాగానే సచ్చినాను" అన్నాడు.

కోడలు చేట పక్కన పెట్టి లేచింది. లోపలికి పోబోయి ఆగి, నేరుగా ఆయన మొహం చూస్తూ, "సంగటి పెట్టేదా?" అంది. పెద్దాయన అలవాటుగా ఎద్దు వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. "పెట్టు" అన్నాడు. ఆ రోజుతో కలెక్టరుకు ఉద్యోగం పోయింది.

వచ్చేటప్పుడు ఆ కొత్త పంచె తెచ్చి బావ చేతిలో పెట్టాడు పెద్దాయన. నువ్వు సంపినావు గాబట్టి నువ్వే పెట్టుకో, నిజంగా పోయినప్పుడు తెచ్చి కప్పు అన్నాడు. చావు బట్టను మా అక్క ఇంట్లోకి రానివ్వలేదు. అది ఏళ్ళ తరబడి ఆసుపత్రి బీరువాలో, మందు సీసాల వెనకాల ఉంది. పెద్దాయన నిజంగా పోయినప్పుడు బావ దాన్ని తీసుకుపోయి కప్పి వచ్చాడు. ఇంటికొచ్చి పాత సంచిక బయటికి తీసి, ఆ ప్రకరణం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఏం బావా అంటే, "తలకాడే కూర్చుని ఏడ్చిందిరా. ఆ పిల్ల చెప్పిందే నిజం. నేను తప్పు రాసినాను" అన్నాడు. ఆ తర్వాత ఎన్నోసార్లు ఆ మాట అన్నాడు. ఎవరైనా ఆ ప్రకరణం మెచ్చుకుంటే ముఖం చిన్నబుచ్చుకునేవాడు. ఆ వేలు ఒక్కటీ తప్పని చెప్పేవాడు.

నేనూ ఆమే తిరుత్తణిలో దిగేసరికి పన్నెండు దాటింది. బస్టాండు పక్క కొట్టులో ఆమె ఒక పంచె కొంది. నన్ను డబ్బులివ్వనివ్వలేదు. ఇంట్లో బావను కూడంలో పడుకోబెట్టారు. కాలి బొటనవేళ్ళు రెండూ తెల్లగుడ్డ పీలికతో కలిపి కట్టారు. తల దగ్గర మా అక్కా, తక్కిన ఆడవాళ్ళూ కూర్చుని ఉన్నారు. వాళ్ళు ఆమెకు చోటిచ్చి జరిగారు.

ఆమె పంచె విప్పి బావ మీద కప్పింది. తల దగ్గర ఆ చోటు చూసింది, అక్కడికి పోలేదు. వెనక్కొచ్చి కాళ్ళ దగ్గర కూలబడింది. ఏడవనని దారిలో చెప్పిన మనిషి, ఆ తెల్లటి ముడి మీద చెయ్యి వేసి, రెండు బొటనవేళ్ళనూ గుప్పిట్లో గట్టిగా పట్టుకుంది.

"ఇట్లనే కదన్నా" అంది బావ మొహం చూస్తూ, "నువ్వు రాసింది?"