తీసెయ్యమంటారా?

ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలు చదివే ఓపిక విశాలాక్షికి ఏనాడూ లేదు. యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబంతా ఆమె చేతిమీదే నడిచేది. తెరమీద ఏది అడిగినా 'సరే' నొక్కేసి టీకి వెళ్లడం అక్కడి ఆనవాయితీ. ఆ శుక్రవారం కిటికీ పక్క మిషన్‌లో కొత్త సిస్టం ఎక్కిస్తూ అదే చేసింది. దానికి శబ్దాలు పలికించే ఫైళ్ల కట్ట, అంటే సౌండ్ లైబ్రరీ, కొత్తది కావాలి, చదివి వినిపించే ప్రోగ్రామేమో పాతదానితోనే నడుస్తుంది, రెండూ ఇమడవు, ఆ ప్రోగ్రాం తీసెయ్యమంటారా అని అడిగింది ఇన్‌స్టాలర్. ఈవిడ సరే అంది.

శనివారం పొద్దున్నే కొమురెల్లి ల్యాబ్ నుంచి ఫోన్ చేశాడు. ఆ కిటికీ పక్క మిషన్‌ మీదే పనిచేసుకునే, పుట్టుకతో చూపులేని ఎం.ఏ. విద్యార్థి.

"మేడం, మిషన్ మాట్లాడుతలేదు. సోమవారం డిసర్టేషన్ ఇయ్యాలె. ఆఖరి చాప్టర్ ఇంకా వినలే."

తను దేనికి 'సరే' అందో విశాలాక్షికి అప్పుడు తెలిసొచ్చింది. ఆ ప్రోగ్రాం పాత సీడీ ఇంట్లో చీరల మధ్య ఉంది. కానీ ఆరోజు తెలంగాణ బంద్. బస్సుల్లేవు, క్యాంపస్ అట్టుడికిపోతోంది.

"ఈరోజు అటు పోవద్దు. నోరు తెరిస్తే చాలు, మనది కడప అని తెలిసిపోతుంది," అన్నాడు భర్త శేషాద్రి.

"తెరవను లే," అందావిడ. కూరగాయల బండి దగ్గర కూడా నోరు మూసుకోని మనిషి! తార్నాక నుంచి నడిచే వెళ్లింది, కొంగు కింద సీడీ దాచుకుని.

ఈసారి ఇన్‌స్టాలర్ అడిగిన ప్రతి ముక్కా చదివింది. ఒకదాన్ని తీస్తేగానీ రెండోదాన్ని రానివ్వనని మొండికేసింది అది. దాన్ని బతిమాలడం మానేసి, పాత లైబ్రరీని వేరే ఫోల్డర్‌లో పెట్టింది. చదివే ప్రోగ్రాంని ఆ ఫోల్డర్‌లోనే వెతుక్కోమంది. కొత్తది ఉన్నచోటే ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న కొమురెల్లి మొహం మెల్లగా విచ్చుకుంది. చూసి ఆమె కళ్లు తుడుచుకుంది.

"నాదే తప్పు నాయనా. చదవకుండా నొక్కేసినాను."

"చూపున్నోళ్లకు చదువుడంటే బద్దకం మేడం," అని నవ్వాడతను.

బయట నినాదాలు దగ్గరయ్యాయి. విశాలాక్షి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె అడుగుల చప్పుడు ఆగడం విని కొమురెల్లి కర్ర తీసుకున్నాడు.

"నా భుజం మీద చెయ్యెయ్యుండ్రి. గుంపు ఏడున్నదో నాకు చప్పుడును బట్టి ఎరుకైతది."

"నీ చాప్టరు?"

"ఇగ అది ఏడికి పోతది? మిమ్ముల దించొచ్చి వింటా."

గేటు దగ్గర ఎవరో అడ్డం వచ్చారు. "అన్నా, ఎవరీమె?"

విశాలాక్షి పెదవులు బిగించింది.

"మా మేడం," అన్నాడు కొమురెల్లి, ఆగకుండానే.

తార్నాకలో ఇంటి సందు మొదట్లో అతను వెనక్కి తిరగబోతే ఆమె చెయ్యి పట్టుకుంది. చుట్టూ జెండాలు పట్టుకున్న జనం. అందరికీ వినబడేలా తన కడప గొంతుతోనే అంది:

"యాడికి పోతావబ్బా? అన్నం తిని పో."