పెద్ద మావయ్య సమాధి దగ్గర గామా కిరణాలు

నా నోటి వల్ల మనుషులు ఏడ్చారు, అలిగారు, ఒకాయన నడుస్తున్న ఆటో ఆపించి మరీ దిగిపోయాడు. అవన్నీ చిల్లర నష్టాలు. గోతిలోకి దించిన శవపేటికను మట్టి పడకుండా మిట్టమధ్యాహ్నం ఎండలో పడుకోబెట్టిన ఘనత మాత్రం జీవితంలో ఒక్కసారే దక్కింది. ఆ ఘోరం చెప్తాను. మీకు నవ్వొస్తే నవ్వండి. మా అత్త ఎదుట మాత్రం నవ్వకండి, ఆవిడ ఇంకా క్షమించలేదు.

పోయినాయన మా అమ్మకు పెద్దన్న, దేవదానం మావయ్య. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్లకు వెల్డింగు చేసి రిటైరైన మనిషి. ఆయన తమ్ముడు యేసుపాదం, నాకు చిన్న మావయ్య. క్రిస్మస్ పాటలకు హార్మోనియం ఎవరు వాయించాలన్న దగ్గర అన్నదమ్ములకు చెడింది. సరిహద్దుల కోసం దేశాలు కూడా అంత పట్టుదలగా పోట్లాడుకోవు. చిన్నాయన పూరీ గేట్‌లో ఉమ్మడి ఇల్లు వదిలేసి ఊరవతల సాలువా దాకా పోయి కాపురం పెట్టాడు. మళ్లీ ఈ గడప తొక్కలేదు.

పెద్దాయన మంచం పట్టాక పట్టుకున్నది ఒకే మాట: “నా మీద తమ్ముడి మట్టి పడాల.” మా వాళ్లలో పెట్టె దించగానే అన్నదమ్ములు ముందు గుప్పెడు మట్టి వేస్తారు. తర్వాతే మిగతావాళ్లు, ఆ తర్వాతే పార. మా అత్త మార్తమ్మ, మరిది తనంతట తనే రావాలని, భర్త మాట బయటపెట్టకుండా చావు కబురు మాత్రం సాలువాకు పంపింది. చిన్న మావయ్య వచ్చాడు. రావడమంటే ఎలా వచ్చాడనుకున్నారు? చెప్పులు విప్పకుండా చర్చి గుమ్మంలో, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. దించిన తల ఎత్తలేదు.

సమాధికి తీసుకెళ్లే ముందు చదువుకున్నవాళ్లెవరో ఒకరు లేచి, పోయినవాళ్ల జీవిత చరిత్ర చెప్పడం మా ఆనవాయితీ. మా ఇంట్లో చదువుకున్నదంటే నేనే. ఫిజిక్స్ డిగ్రీ చేసి ఊళ్లోనే ఇందా పేటలో ట్యూషన్లు చెప్పేదాన్ని. సరిగ్గా ఆ వారమే ఎవరో ప్రొఫెసరు గామా కిరణాల విస్ఫోటాల మీద ఉపన్యాసమిస్తే విని వచ్చాను. తలలోకి కొత్త సంగతి దూరితే, కొత్త చీర కట్టినదానిలా నాలుగు వీధుల్లో తిప్పితే గానీ నిద్రపట్టని వయసది.

అత్త నా చెయ్యి పట్టుకుంది.

“రూతూ, రెండు ముక్కలు సాలే. ఆయన మంచోడు అను. మరిదొచ్చినాడు అను. కూకో.”

“అందరూ చెప్పేదే చెప్పడానికి నేనెందుకత్తా?”

“అందరూ సెప్పే మాటలకి ఎవులూ లేసెల్లిపోరు. అందుకూ.”

ఆ మాట చెవికెక్కి ఉంటే ఈ కథ లేదు.

లేచాను. నక్షత్రాలకూ చావుంటుందని మొదలుపెట్టాను. సూర్యుడు తన జన్మంతా ఇచ్చే వెలుగు కన్నా ఎక్కువ శక్తిని కొన్ని క్షణాల్లో వెదజల్లి పోయే నక్షత్రాలున్నాయన్నాను. అలాంటివి పెద్ద పెద్ద అందమైన గెలాక్సీల్లో కాదు, ఎక్కువగా చిన్నా చితకా, చిందరవందర గెలాక్సీల్లో పేలతాయనీ, మన పూరీ గేట్ ఇంట్లో మావయ్య అలాంటివాడనీ అన్నాను. వెనక బెంచీలో ఎవరో ముక్కు చీదారు. పాస్టరుగారు గడియారం చూసుకున్నారు. అక్కడితో ఆపినా నన్ను మెచ్చుకునేవాళ్లేమో! కానీ గుమ్మంలో చిన్న మావయ్య కనిపించాడు. ఆయన్నీ కలిపేసి అన్నదమ్ముల్ని ఒక్కటి చేసేద్దామన్న దురద పుట్టింది.

“ఇంకో రకం విస్ఫోటం ఉంది,” అన్నాను. “రెండు చచ్చిన నక్షత్రాలు. కలవలేవు, విడిపోలేవు. ఒకదాని చుట్టూ ఒకటి యుగాల తరబడి తిరుగుతాయి. పుట్టుకలో తగిలిన తోపుకి సొంత గెలాక్సీ దాటి బయటికెళ్లిపోతాయి. చివరికి గుద్దుకుంటాయి. ఆ మెరుపు ఎక్కడిదా అని చూస్తే చుట్టూ చీకటే. మరి అది ఏ ఇంటిదని చెప్పాలి?”

గుమ్మం వైపు చూసి ఆగాను. టీచర్లకదో రోగం. ప్రశ్న వేసి, జవాబు చెప్పకుండా కాసేపు ఊరిస్తాం.

ఆ కాసేపట్లోనే చిన్న మావయ్య తల ఎత్తాడు.

“ఏటే గుంటా! సచ్చిన నచ్చత్రాన్నా నాను? నానే ఇంటోడినో తెలీదా మీకు?”

లోపలున్న కాలు కూడా బయటికెళ్లిపోయింది.

శ్మశానంలో పెట్టె దించారు. అత్త పార పట్టుకున్నవాళ్ల వైపు చెయ్యెత్తి, “ఆగండి, వత్తాడు,” అంటోంది. నేను గేటు బయటికి పరిగెత్తాను. ఆయన టీకొట్టు దగ్గర స్కూటర్ మీద కూర్చుని ఉన్నాడు. వెళ్లిపోలేదు, గమనించండి.

“మావయ్యా, నా మాట పూర్తవలేదు!”

“నా బతుకు పూర్తి సేసేసినావు కదే.”

“కాదు, విను. ఎంత దూరంలో పేలినా, దగ్గర్లో ఉన్న గెలాక్సీ చూసి దానిదే అంటారు.”

ఆయన గొంతు తగ్గింది. “నిజంగానా? దానిదేనని గట్టిగా అంటారా?”

అవునంటే సరిపోయేది. మీ అన్న నీ మట్టి కోసం కలవరించాడంటే స్కూటర్ వదిలేసి పరిగెత్తేవాడు. కానీ నేను ఫిజిక్స్ చదివానా, అబద్ధమాడగలనా?

“గట్టిగా అనలేరు మావయ్యా. ఆ గెలాక్సీ అనుకోకుండా పక్కన పడిందేమోనని కూడా లెక్కేస్తారు.”

“ఠీక్ హై,” అన్నాడు. “అనుకోకుండా పడినోన్ని.” స్కూటర్‌ని ఒక్క తన్ను తన్ని సాలువా దారి పట్టాడు.

ఒక్కదాన్నే తిరిగొచ్చిన నన్ను చూసి అత్త ఎత్తిన చెయ్యి దించేసింది. వంగి తన గుప్పెడు వేసింది. తర్వాత పార పడింది.

తరువాతి వానాకాలంలో చిన్న మావయ్యా పోయాడు. భర్త పక్కన తన కోసం అట్టేపెట్టుకున్న చోటును అత్త మరిదికి ఇచ్చేసింది. చర్చిలో కూడికప్పుడు పాస్టరుగారు లేచి, “ఈరోజు పాట, ప్రార్థన, అంతే. రూతమ్మ దయచేసి వెనక కూర్చోవాలి,” అని ప్రకటించారు. గోతి దగ్గర అత్త ఒక గుప్పెడు వేసి, “ఇది నాది,” అంది. రెండోది వేసి, “ఇది మీ అన్నది,” అంది. మట్టి చేతులతోనే నా వైపు తిరిగింది.

“ఇప్పుడు సెప్పే. ఏ ఇంటోడు?”

“మనింటోడే అత్తా.”

“లెక్కేసినావా?”

“లేదు.”

“మరి అప్పుడెందుకే లెక్క?”

అందుచేత భూమీ ఆకాశమూ సాక్షిగా, ఉన్న గెలాక్సీలన్నిటి మీదా ఒట్టేసి చెప్తున్నాను: ఇక ఏ శవం దగ్గరా నక్షత్రాల ఊసెత్తను. నోరు ఆగక ఎత్తినా, జవాబు ముందు చెప్పేసి, ప్రశ్న అందరూ మట్టి వేశాక అడుగుతాను.