కప్పు అంచున తేనె

మా స్కూల్ బోర్డు చైర్మన్ చావుబతుకుల్లో ఉన్న మా లాటిన్ టీచర్‌తో అబద్ధమాడాడు. పోయిన ఆదివారం ఆమె కన్నుమూశారు. ఆ అబద్ధం మాత్రం నిక్షేపంగా ఉంది. అందుకే ఏడుస్తూ కాదు, తలెత్తుకుని రాస్తున్నాను.

మేము ఆమెను మేజిస్ట్రా అనేవాళ్ళం, లాటిన్‌లో పంతులమ్మ అని. అమెరికాలో ఈ సబర్బ్ తెలుగు పిల్లలంతా ఆమె క్లాసులో ఎందుకు చేరేవారో మీకు తెలుసు. లాటిన్ వస్తే మెడికల్ స్కూల్లో రోగాల పేర్లు తేలిగ్గా గుర్తుంటాయని మన పెద్దల ఆశ. పేరెంట్స్ నైట్‌లో మా నాన్న అదే అడిగాడు. "రోగాల పేర్లకేం, తొందరగానే వచ్చేస్తాయి. రోగి పేరు గుర్తుపెట్టుకోవడానికే ఏడాదంతా పడుతుంది," అన్నారామె. నాన్న కార్‌లో కూర్చుంటూ, "ఈవిడేంటే, సిలబస్ అడిగితే వేదాంతం చెప్తున్నారు?" అని నసిగాడు.

వేదాంతం కాదు, ఆమె చెప్పింది రోమన్ల కవిత్వం. శిష్యుల గుంపుతో వచ్చిన వైద్యుణ్ణి ఆటపట్టించే చిన్న పద్యం ఒకటుంది. వాళ్ళందరి చల్లటి చేతులూ తగిలాక తనకు లేని జ్వరం వచ్చిందంటాడు అందులో రోగి. అది చెప్పిన రోజు మమ్మల్ని జనవరి చలిలో గ్లవ్స్ లేకుండా బయట నిలబెట్టి, లోపలికి రాగానే తన నుదురు ముట్టుకోమన్నారు. అందరి చేతులూ పడేసరికి పాపం వణికిపోయారు. "ఇంతమంది ముట్టుకున్నారే, ఎలా ఉన్నావని ఒక్కరైనా అడిగారా?" అన్నారు నవ్వుతూ.

ఇంకో కవి, పిల్లలకు చేదు మందు తాగించాలంటే వైద్యులు కప్పు అంచుకు తేనె రాస్తారని చెప్పాడు. ఆ పాఠం జరుగుతున్నప్పుడే, మా ఇంటికి వచ్చి ఉన్న అమ్మమ్మకు స్కాన్‌లో క్యాన్సర్ బయటపడింది. "అమ్మమ్మకి చెప్పకే, బీపీ పెరుగుతుంది. గ్యాస్ ట్రబుల్ అని చెప్పేశాం, అంతే," అంది అమ్మ. నాకు ఒళ్ళు మండింది. ఆ మంట క్లాసులో కక్కాను. "ఆ కప్పు పట్టుకున్నది పిల్ల కాకుండా మా అమ్మమ్మ అయితే? అప్పుడూ మోసం చెయ్యొచ్చా?"

మేజిస్ట్రా పుస్తకం మూసేశారు. "తేనె అంచుకే రాయాలి. కప్పులో ఏముందని అడిగితే మాత్రం చెప్పి తీరాలి," అన్నారు.

అమ్మమ్మ అడగనే అడిగింది. "ఏమే, నా కడుపులో ఉన్నది గ్యాసేనా?" పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పాను. అమ్మమ్మ వంటింటి వైపు తిరిగి, "మరి నాచేత ఇన్ని జీలకర్ర నీళ్ళు ఎందుకు తాగించావే!" అని అమ్మ మీద విరుచుకుపడింది. ఆ పైన డాక్టర్‌ను అడగాల్సినవన్నీ తనే అడిగింది. ఆపరేషన్ చేయించుకుంటానన్నదీ తనే. నాన్న పక్కన కూర్చుని ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు, అంతే.

ఈ ఏడాది రోగం మేజిస్ట్రాకే వచ్చింది. దాని పేరూ, అది నయం కాదన్న సంగతీ క్లాసులో ఆమే చెప్పారు. చైర్మన్ పూలగుత్తితో ఆసుపత్రికి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. "నా తర్వాత లాటిన్ ఎత్తేస్తారా?" అని సూటిగా అడిగారామె. "అబ్బే, మీ క్లాసెక్కడికీ పోదు. మీరు రెస్ట్ తీసుకోండి," అన్నాడు తియ్యగా. అతను వెళ్ళాక ఆమె నావైపు చూసి, "కనుక్కుని నిజం చెప్పు," అన్నారు.

బోర్డు ఆఫీసుకెళ్ళి కనుక్కున్నాను. వచ్చే ఏడాది నుంచి లాటిన్ ఉండకూడదన్న తీర్మానం అప్పటికే రాసి పెట్టుకున్నారు, బోర్డు మీటింగ్‌లో ఓటు వేయడమే తరువాయి. మర్నాడు వెళ్ళి చెప్పాను. ఆమె కళ్ళు మూసుకున్నారు. చెప్పి తప్పు చేశానా అని భయపడ్డాను. "థాంక్యూ. ఆ కుర్చీ ఇటు లాక్కో. మీటింగ్‌లో ఏం మాట్లాడతావో వినిపించు," అన్నారు.

రాత్రి కూర్చుని రాసిన కరపత్రం జేబులోంచి తీసి ఊగిపోతూ చదివాను. "ఇంత అరిస్తే నీ కోపమే వినబడుతుంది, నా క్లాసు వినబడదు. మళ్ళీ చదువు," అన్నారు. మళ్ళీ మొదలుపెట్టాను. పద్యానికి తాళం వేసినట్టు దుప్పటి మీద వేలితో మెల్లగా కొడుతూ విన్నారు. నేను వేగం పెంచినప్పుడల్లా వేలు ఆగిపోయేది. తగ్గించగానే కదిలేది. ఆఖరి వాక్యం దాకా అలా నన్ను నడిపించిన మనిషికి శిష్యురాలినని చెప్పుకోవడం కంటే నాకు పెద్ద డిగ్రీ అక్కర్లేదు.

బోర్డు ఓటు వేసేది ఈ గురువారమే, స్కూల్ కెఫెటీరియాలో. అంకుల్స్, ఆంటీలు, ఆఫీస్ నుంచి సరాసరి వచ్చేయండి. ఆమె దగ్గర చదివిన మీ పిల్లలను వెంటబెట్టుకుని రండి. మీటింగ్‌లో ఎవరైనా మాట్లాడొచ్చు, మైకు ముందు మన లైను తలుపు దాటి పార్కింగ్ లాట్ దాకా సాగాలి. ఆమె చైర్మన్‌ను అడిగిన ప్రశ్ననే మనలో ఒక్కొక్కరం, నిదానంగా, మళ్ళీ అడుగుదాం. సాయంత్రం ఆరున్నరకు.