అట్రాక్టా పట్టిన వయసులు

ఐర్లండ్‌లోని కాసిల్‌బార్ లైబ్రరీలో ప్రతి మంగళవారం కిటికీ పక్క బల్ల అట్రాక్టా గిల్‌హూలీదే. ముందు టీ ఫ్లాస్కు, చేతిలో భూతద్దం, చెవి వెనక పెన్సిలు. పాత జనాభా లెక్కల్లోంచి ఊరివాళ్ల తాతముత్తాతల అసలు వయసులు బయటికి లాగడం ఆవిడకి మహా సరదా. తన వయసు మాత్రం ఆరేళ్లుగా అరవై తొమ్మిది దగ్గరే ఆగిపోయింది. మొన్న మంగళవారం ఫెస్టస్ ఫీరిక్ వచ్చాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన తన తాతగారి అన్న డొమినిక్ సంగతి కనుక్కోడానికి. ఆవిడ ముందుగా ఆ ఇంటి అవ్వని పట్టుకుంది. "చూడు నాయనా, మీ హోనర్ అవ్వకి 1901లో యాభై. 1911లో డెబ్బై ఒకటి! మధ్యలో డెబ్బై నిండిన ముసలివాళ్లకి పింఛను పెట్టారుగా, పదేళ్లలో ఇరవయ్యొక్కేళ్లు పెరిగిపోయింది."

ఫెస్టస్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "మావాళ్లు మామూలోళ్లు కాదండీ!"

భూతద్దం కింది వరసకి జరిగింది. "ఇడుగో, ఆవిడ మనవడు డొమినిక్. 1901లో రెండేళ్లు."

"1915లో పోయాడు కదండీ. మావాళ్ల సమాధి రాయి మీద పంతొమ్మిదేళ్లని ఉందే?"

"పంతొమ్మిది నిండందే యుద్ధానికి పంపరు మరి. అవ్వ పెంపకం!"

ఫెస్టస్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. పదహారు దగ్గర వేలు ఆగింది, నవ్వూ ఆగింది. "రాయి మీద మార్పించమంటారా?"

అట్రాక్టా ఫ్లాస్కు మూతలో టీ వంపి అతని ముందుకు జరిపింది. "వద్దు. ప్రాణమిచ్చి నిలబెట్టుకున్న అబద్ధం, ఉండనీ," అంది. పెన్సిలు చెవి వెనక దోపుకుంటూ, "రేపు నా రాయి మీద కూడా అరవై తొమ్మిదే చెక్కించు, మర్చిపోకు," అంది.