నోటిదాకా రాని కొబ్బరి రొట్టె

కొన్సోర్సియా అని ఆమెను పాదిరీగారు తప్ప ఎవరూ పిలవరు. బులుసాన్ కొండ కింద, సముద్రపు హోరు వినిపించే ఆ వీధిలో ఆమె అందరికీ సోర్సా. సోర్సా, ఆమె భర్త క్లేతో చేసే కొబ్బరి రొట్టెలంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. గుప్పెట్లో ఇమిడేంత మెత్తటి రొట్టె, పైన గుడ్డుసొన పూతతో నిగనిగలాడుతూ ఉంటుంది; తుంచితే లోపల బెల్లంతో ఉడికిన కొబ్బరి లౌజు. పొద్దున్నే అది కాఫీలో ముంచుకుని తింటే గానీ పడవలు నీళ్ళలోకి దిగవని జాలర్లు అనేవాళ్ళు.

క్లేతో కుర్రతనంలో బజారు బేకరీలో పనిచేసేవాడు. సోర్సా అక్కడికి రొట్టెలు కొనడానికి వచ్చే పిల్ల. కాలేటప్పుడు అతుకు విడిపోయి లౌజు బయటికి కారిన రొట్టెల్ని అమ్మకానికి పనికిరావని పక్కన పెట్టి, అడిగినవాళ్ళకి ఊరికే ఇచ్చేసేవాళ్ళు. సోర్సా వచ్చే వేళకి అలాంటివి ఎక్కువవుతున్నాయని యజమానికి అనుమానం వచ్చింది. "కావాలనే వదులుగా మూస్తున్నావు కదరా?" అని నిలదీశాడు. క్లేతో తల వంచుకున్నాడే గానీ కాదనలేదు. ఆ ఏడే వాళ్ళ పెళ్ళయింది.

ముసలి యజమాని పోయి బేకరీ మూతపడ్డాక, క్లేతో ఒక నూనె డ్రమ్మును నిలువునా కోయించి, పెరట్లో ఇటుకల మీద పడుకోబెట్టి, దాన్నే పొయ్యిగా చేశాడు. కిందా పైనా కొబ్బరి చిప్పల నిప్పులు, మధ్యలో రొట్టెల పళ్ళెం. పిండి అతనిది, పూర్ణం ఆమెది. ఇన్నేళ్ళలో ఒకరి గిన్నెలో ఒకరు చెయ్యి పెట్టింది లేదు.

"నా లౌజు లేకపోతే నీది వట్టి బన్ను," అనేది సోర్సా కొబ్బరి కోరుతూ.

"నా పిండి లేకపోతే నీ లౌజుకి చీమలే గిరాకీ," అనేవాడతను.

వాళ్ళకి పిల్లలు పుట్టలేదు. ఆ లోటు గురించి ఇద్దరూ ఎప్పుడో మాట్లాడుకుని, ఇక మాట్లాడుకోవడం మానేశారు.

మే నెలలో ఊరి పండగనాడు, చర్చి గంటలు మోగుతుండగా, క్లేతో రొట్టెలు మూస్తున్నాడు. అరచేతిలో పిండి బిళ్ళ, మధ్యలో పూర్ణం; అంచులు కూడదీసి వేళ్ళతో నొక్కితే అతుకు ఎక్కడుందో కనిపించదు. ఆ నొక్కేదాంట్లోనే ఒక రొట్టె చేతిలోంచి జారింది. తియ్యబోయి వంగినవాడు బల్ల కాలు పట్టుకుని కూలబడ్డాడు.

"పండగ పూట ఈ వేషాలేంటయ్యా? లే. పళ్ళేలు ఎదురుచూస్తున్నాయి," అంది సోర్సా.

అతను లేవలేదు. నోరు ఒక పక్కకి వంకర పోయి ఉంది. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత ఆమె ఎన్నిసార్లు కుమిలిందో లెక్కలేదు.

ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన క్లేతోకి కుడి చెయ్యి, కుడి కాలు పనిచెయ్యడం లేదు. ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం ఒకటి దింపారు. మాటలన్నీ పోయి ఒకే ఒక్కటి మిగిలింది. పుట్టాక ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషికి మిగిలింది, 'నీ నెత్తిన పిడుగు పడ' అనే తిట్టులోని ముక్క. "పిడుగు!" అంటాడు. పలకరించడానికి వచ్చిన పాదిరీగారు శిలువ గుర్తు వేసి "ఎలా ఉన్నావు నాయనా?" అంటే, క్లేతో కళ్ళనిండా భక్తితో "పిడుగు!" అన్నాడు. సోర్సా సిగ్గుతో చచ్చిపోయింది. పాదిరీగారు బయటికెళ్ళేదాకా నవ్వు ఆపుకుని, గుమ్మం దగ్గర కళ్ళు తుడుచుకున్నారు.

వారానికోసారి వచ్చి చూసే నర్సు రోవెనా మరీ మరీ చెప్పింది. "పిన్నీ, నోట్లో చుక్క నీళ్ళు కూడా పొయ్యకు. బాబాయి గొంతు మింగడం మర్చిపోయింది. ఏం పెట్టినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రాణం మీదికొస్తుంది."

"మళ్ళీ ఎప్పుడు గుర్తొస్తుందమ్మా?"

"కొందరికి వస్తుంది పిన్నీ," అంది రోవెనా, గొట్టం సరిచేస్తూ.

అతని వెదురు మంచం పెరటి కిటికీ పక్కన వేశారు, గాలి తగులుతుందని. ఆ గాలిలోనే రొట్టెల వాసన వస్తుందని సోర్సాకి మొదట తోచలేదు. పండగకని కలిపి పెట్టిన లౌజు పాడైపోయింది గనక, కొత్తగా కొబ్బరి కోరి, తనకి తెలిసినట్టు పిండి కలిపి ఒక పళ్ళెం కాల్చింది. వాసన లోపలికి పాకగానే క్లేతో తల తిప్పాడు. ఎడమచెయ్యి ఎత్తి నోరు చూపించాడు. మళ్ళీ చూపించాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వద్దన్నారయ్యా. రోవెనా వద్దంది. కొన్నాళ్ళు ఓపిక పట్టు," అంది సోర్సా. అతను నోరు చూపిస్తూనే ఉన్నాడు. ఆమె భుజం మీది తువ్వాలుతో అతని పెదాల పక్కన కారుతున్న చొంగ తుడిచి, పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆమె కూడా రొట్టె ముట్టలేదు.

క్లేతో అక్క విసెంటా పక్క సందులో ఉంటుంది. తల్లి పోయాక తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని పెంచింది ఆవిడే. పెళ్ళి కూడా చేసుకోలేదు. రోజూ వచ్చి మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది.

"వాడి నోరు కట్టేసి లోకానికంతటికీ రొట్టెలు పెడుతున్నావే సోర్సా!"

"కడుపులోకి పోతోంది కదా వదినా. గొట్టంలో పోస్తున్నా కదా."

"మొక్కకి పోసినట్టు పోస్తున్నావు. నాలిక్కి తెలియని తిండి కూడా తిండేనా?"

గొట్టంలో గంజి పోసే ప్రతిసారీ సోర్సా మనసులోనూ అదే మాట మెదిలేది.

చివరికి పొయ్యి వెలిగించడం మానేసింది. వాసనే లేకపోతే బాధే ఉండదనుకుంది. కానీ క్లేతో గోడవైపు తిరిగి పడుకోవడం మొదలెట్టాడు. జాలర్లు గుమ్మం ముందు ఆగి, ఖాళీగా ఉన్న పళ్ళేల వైపు చూసి వెళ్ళిపోతుంటే, అతను కిటికీలోంచి చూసి కళ్ళు మూసుకునేవాడు. ఒక మధ్యాహ్నం ఆమె బట్టలారేసి వచ్చేసరికి గొట్టం పీకి నేల మీద పడేసి ఉన్నాడు. ముక్కులోంచి నెత్తురు. రోవెనాకి కబురు పెట్టి మళ్ళీ వేయించేటప్పుడు అతను పెట్టిన కేకలకి సోర్సా చెవులు మూసుకుని చింతచెట్టు కింద నిలబడింది. రెండోసారి కూడా పీకాడు.

"చెయ్యి కట్టెయ్యాలి పిన్నీ. వేరే దారి లేదు," అంది రోవెనా. అనడానికి ఆ పిల్లకీ నోరు రావడం లేదు.

సోర్సా మైదా సంచి గుడ్డని చించి, చేతికి తొడుగులా సంచి కుట్టింది. ఎడమచేతికి తొడిగి, నాడాని మంచం కోడుకి కట్టింది. ఆ చేత్తో అతను ఎంత పిండి పిసికాడో ఆమెకి తెలుసు. ముడి వేస్తుంటే అతను ప్రతిఘటించలేదు. ఆమె ముఖంలోకి చూశాడంతే. దెబ్బ కొట్టినా బాగుండేదనిపించింది.

"నన్నేం చెయ్యమంటావయ్యా?" అంది. "పెడితే చస్తావంటారు. పెట్టకపోతే ఇలా చస్తున్నావు. నువ్వే చెప్పు."

"పిడుగు," అన్నాడు క్లేతో, చాలా మెల్లిగా.

మర్నాడు ఆమె మళ్ళీ పొయ్యి వెలిగించింది. నాడా విప్పి, తాను దగ్గరున్నంతసేపూ చెయ్యి వదిలేసేది. పిండి కలపడం మాత్రం ఆమెకి పట్టుబడలేదు. రొట్టెలు గట్టిగా వచ్చేవి. అతుకులు విడిపోయి లౌజు కారి, పళ్ళెం మీద మాడిపోయేది. "ఏం సోర్సక్కా, ఇవి వల బరువుకి కట్టుకోవాలా?" అన్నాడొక జాలరి. అని, నాలిక కరుచుకుని, రెండు ఎక్కువే తీసుకున్నాడు.

పిండి గిన్నె తీసుకెళ్ళి మంచం మీద పెట్టింది. క్లేతో ఎడమచెయ్యి దాంట్లో పెట్టి నొక్కాడు. చిటికెడు లాగి సాగదీశాడు. అది తెగింది. "పిడుగు!" అని నేలకేసి కొట్టాడు.

"నీళ్ళు చాల్లేదా?"

"పిడుగు!"

"ఎక్కువయ్యాయా? ఉప్పా? ఇంకా పిసకాలా?"

అతను అరచెయ్యి బోర్లించి, గాలిలో మెల్లిగా కిందికి దించాడు. మళ్ళీ దించాడు. మూత పెట్టమంటున్నాడా, చల్లార్చమంటున్నాడా, నొక్కమంటున్నాడా, నోరుముయ్యమంటున్నాడా? ఆమె ఒక్కొక్కటే చేసి చూపించింది. ప్రతిదానికీ పిడుగే పడింది. మధ్యలో సోర్సాకి నవ్వొచ్చింది. అతనికీ వచ్చింది, ఒక పక్క పెదవే కదిలే నవ్వు. ఆ నవ్వు ఏడుపులోకి ఎప్పుడు తిరిగిందో ఇద్దరికీ తెలియలేదు.

"ఆగమంటున్నాడే," అంది గుమ్మంలోంచి విసెంటా. "చిన్నప్పుడు నేను తొందరపెడితే ఇలాగే చెయ్యి దించేవాడు."

పిండిని ఇంకాసేపు పొంగనిచ్చి చూశారు. అతుకులు కొంత నిలిచాయి. మెత్తదనం మాత్రం రాలేదు. అతను చెప్పింది అదేనో, ఇంకేదైనానో తేలలేదు.

కొన్నాళ్ళకి ఒకరోజు పిండి పొంగించే ఈస్టు అయిపోయి సోర్సా బజారుకి వెళ్ళింది. విసెంటాని మంచం దగ్గర కూర్చోబెట్టి వెళ్ళింది. తిరిగి వస్తుంటే వాన అందుకుంది. తడుచుకుంటూ ఇంట్లో అడుగుపెట్టేసరికి విసెంటా పీట మీద కాఫీ గిన్నె, అందులో నానిన రొట్టె తుంపులు కనిపించాయి. క్లేతో గడ్డం మీద లౌజు అంటుకుని ఉంది. అతను దగ్గుతున్నాడు. దగ్గుల మధ్య నాలికతో పెదవి తడుముకుంటున్నాడు. పండగనాటి తర్వాత అతని ముఖంలో అంత వెలుగు ఆమె చూడలేదు.

"అడిగాడే సోర్సా," అంది విసెంటా. "నోటితో కాదు, కళ్ళతో అడిగాడు. నా చేత్తో పెరిగినవాడే! రెండు ముక్కలే పెట్టాను. మింగాడు కూడా."

సోర్సా ఈస్టు పొట్లం బల్ల మీద పెట్టింది. తిట్టడానికి నోరు తెరిచింది. లోపల రగిలింది కోపమే అయితే తిట్టేసేది. అతను తిన్నాడు, తన చేతి నుంచి మాత్రం తినలేదు. ఆ లౌజు ఉడికించింది తను, పెట్టింది ఇంకొకరు. ఇలాంటప్పుడు ఇలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అతని వీపు నిమురుతూ కూర్చుంది.

సాయంత్రానికి జ్వరం కాసింది. మర్నాటికి ఎగశ్వాస. మోటారు బండికి తగిలించిన తొట్టిలో అతన్ని ఒడిలో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. తిండి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి చీము పట్టిందన్నారు. విసెంటా వార్డు బయట నేల మీద కూర్చుని జపమాల తిప్పింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"నన్ను కొట్టవే. ఒక్క దెబ్బ కొట్టు. నీకు పుణ్యముంటుంది," అంది, సోర్సా బయటికి వచ్చినప్పుడు.

"నిన్ను కొడితే ఆయనకి ఊపిరాడుతుందా వదినా? కాఫీ తాగు. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు నువ్వు."

క్లేతో బతికి ఇంటికొచ్చాడు. జ్వరం తగ్గింది, చెయ్యి కట్టాల్సిన పని కూడా లేకపోయింది. ఆ చెయ్యి దేనికోసమూ లేవడం లేదు. సోర్సా పొయ్యి వెలిగించింది. వాసన కిటికీలోంచి వచ్చి గదంతా నిండింది. అతను పైకప్పు వైపు చూస్తూ ఉన్నాడు. వేడి రొట్టె ఒకటి తెచ్చి, అతని ముక్కు దగ్గర తుంచింది. ఆవిరి లేచింది, బెల్లం, కొబ్బరి కలిసిన ఆవిరి.

"చూడు, అతుకు విడలేదు ఇవాళ. బాగాలేదని తిట్టు. తిట్టవయ్యా."

అతను ఆమె వైపు చూశాడు. రొట్టె వైపు చూడలేదు. ఒకప్పుడు అతను నోరు చూపించి ఏడుస్తుంటే భరించలేక పెరట్లోకి పారిపోయిన సోర్సా, ఇప్పుడా చెయ్యి ఒక్కసారి లేస్తే చాలని మేరీమాతకి మొక్కుకుంది. అది లేవలేదు. ఆ మిగిలిన ఒక్క మాట కూడా మళ్ళీ వినబడలేదు.

వానాకాలం ముగియకముందే, ఒక మధ్యాహ్నం, విసెంటా విసనకర్రతో విసురుతుండగా, సోర్సా కాళ్ళకి నూనె రాస్తుండగా అతను పోయాడు. ఇద్దరికీ కాసేపటిదాకా తెలియలేదు.

శవం దగ్గర జాగారానికి వచ్చినవాళ్ళు ఆ ఊరి అలవాటు ప్రకారం కాఫీ తాగుతూ పేకాడారు. రొట్టెలు పొరుగువాళ్ళు ఎక్కడినుంచో కొనుక్కొచ్చారు. ఆమెని చెయ్యమని ఎవరూ అడగలేదు.

తొమ్మిది రోజుల ప్రార్థనలు అయ్యాక సోర్సా మళ్ళీ పిండి కలపడం మొదలుపెట్టింది. చెయ్యక ఏం చేస్తుంది? విసెంటా పొద్దున్నే వచ్చి బల్లకి అటువైపు నిలబడుతుంది. సోర్సా పూర్ణం పెట్టి అందిస్తే, విసెంటా అంచులు కూడదీసి నొక్కుతుంది. ముసలి వేళ్ళు, పట్టు చాలదు. పళ్ళేనికి రెండో మూడో పగులుతూనే ఉంటాయి. ఆ వానరోజు సంగతి వాళ్ళ మధ్య ఎన్నడూ రాలేదు. సోర్సా ఆమెను క్షమించిందా అంటే, అడిగినవాళ్ళూ లేరు, సోర్సాకీ తెలియదు.

"ఇవాళ కాస్త మెత్తగా వచ్చినట్టున్నాయి కదే?" అంటుంది విసెంటా, పళ్ళెం దించాక.

సోర్సా ఒకటి తుంచి నములుతుంది. "లేదు వదినా," అని, మిగతావి బుట్టలో సర్దుతుంది.