చెవిటి మైకు

పెనుకొండలో పుట్టిన ఓబుళప్పకు ఆస్తి కింద వచ్చింది గొంతు ఒక్కటే. దాంతోనే ఇరవై ఏళ్ళు జీపు ముందు సీట్లో కూర్చుని, మైకు పట్టుకుని, సినిమాలూ సర్కస్‌లూ వేరుశనగ విత్తనాలూ ఊరూరా చాటాడు. పెనుకొండ కొండ కింద నిలబడి అతను ఒకసారి అరిస్తే అదే మాట కోటగోడకు తగిలి రెండోసారి వినబడేదట. అందుకని అక్కడి టూరింగ్ టాకీసు ఓనరు "సగం పని కొండే చేస్తాంది గదప్పా" అని కూలి సగమే ఇచ్చేవాడట. గుడిబండలో తప్పిపోయిన గొర్రెల గురించి చాటితే అవి తమంతట తామే దొడ్డికి వచ్చాయని కూడా చెబుతారు. లెక్కకంటే రెండు ఎక్కువ వచ్చాయన్న మాట మాత్రం ఓబుళప్ప ఒప్పుకోడు.

పెళ్ళయ్యాక కాపురం ధర్మవరంలో పెట్టాడు. భార్య కళావతి మగ్గాల ఇంటి పిల్ల. రాట్నం మీద పట్టు నూలు చుట్టి ఇస్తుంది. వాళ్ళ ఇంటికి అటొక మగ్గం, ఇటొక మగ్గం, వెనక రెండు. ఆ చప్పుడు ఓబుళప్ప చెవికి ఆనడం ఎన్నడో మానేసింది.

రెండువేల మూడో సంవత్సరం ఆషాఢంలో పట్టుచీరల సావుకారు మార్కండేయులు అతన్ని అంగడికి పిలిపించాడు.

"ఇంగ జీపులో నువ్వు కూచునే పని లేదప్పా. ఇప్పుడందరూ కాసెట్టే ఏస్తాండారు. శ్రావణంలో మొదటి శుక్రవారం నా జీపు కదలాల. అంతలోకి నువ్వు కాసెట్టు తెస్తే సరి, ల్యాకపోతే బెంగుళూర్లో ఒకాయప్ప చేస్తానంటాండాడు."

మార్కండేయులు ఏ గొంతు పెడితే బజారంతా ఆ గొంతే పెడుతుంది. ఈ ఒక్క కాసెట్టు పోతే ఓబుళప్పకు మిగిలేది గొర్రెలు తప్పిపోయినప్పటి పని ఒక్కటే.

అతనికి టేప్ రికార్డరు ఉంది. కావలసింది మైకు. జీపులో వాడే మైకుతో కాసెట్టు చేస్తే మనిషి బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు వచ్చింది. కాబట్టి హిందూపురం పోయి, మైకుసెట్లు బాడుగకిచ్చే నాగేంద్ర అంగట్లో కూర్చున్నాడు. అద్దాల బీరువాలో విదేశీ మైకు ఒకటి ఉంది. దాని ధర విన్నాక దానివైపు మళ్ళీ చూడలేదు. నాగేంద్ర మరో రెండు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి కొత్తది, సన్నగా పెన్ను మాదిరి ఉంది, లోపల చిన్న బ్యాటరీ. రెండోది భజన మందిరంలో పదేళ్ళు చేసి వచ్చిన పాత ఇనుప మైకు. తల మీద జాలీ సొట్టపోయింది.

"ఈ సన్నది చీమ నడిచినా పట్టుకుంటాది. ఈ ముసిల్ది చెవిటిది. నోరు దగ్గర పెట్టి చెప్తే తప్ప దీనికి వినపడదు. సగం దుడ్లకే ఇస్తా."

"చెవిటిదానికి దుడ్లెందుకప్పా? మా ఇంట్లో మా అత్త ఉండాది ఊరికే."

నాగేంద్ర గది తలుపు మూసి రెండింటినీ పరీక్షకు పెట్టాడు. సన్న మైకులో ఓబుళప్ప గొంతు అతనికే కొత్తగా తోచింది. నచ్చకపోతే పదిహేను రోజుల్లో మార్చుకునే మాట మీద దాన్నే తీసుకుని బస్సెక్కాడు.

ఇంటికొచ్చి రికార్డు చేసి విన్నాడు. ముందు నాలుగు మగ్గాలు వినిపించాయి, తర్వాత కళావతి రాట్నం, ఆ తర్వాత ఎక్కడో తను. "పెండ్లికూతురికి పట్టుచీర, మార్కండేయులు అంగట్లో" అన్న చోట, రెండిళ్ళ అవతల బట్టలుతుకుతున్న కుళ్ళాయమ్మ గొంతు స్పష్టంగా పలికింది: "చూడు, ఒక్క ఉతుక్కే రంగంతా పోయిండాది."

"ఆయమ్మ లుంగీ గురించి అంటాంది, చీర గురించి కాదు" అంది కళావతి.

"కాసెట్టులో లుంగీ యాడ కనపడతాది?"

తలుపులు మూశాడు, కిటికీకి గోనెసంచి కట్టాడు, దుప్పటి కప్పుకుని చెమటలు కక్కుతూ చదివాడు. చీమనే పట్టుకునే మైకు మగ్గాలను వదులుతుందా? శ్రావణం ముహూర్తాలు దగ్గరపడ్డాయి కాబట్టి నేసేవాళ్ళు రాత్రులూ ఆపడం లేదు. ఇక మిగిలింది అమావాస్య. ఆ రోజు ధర్మవరంలో ఎవరూ మగ్గం గుంటలో దిగరు. పొద్దున్నే ఊరు నిశ్శబ్దంగా ఉండగా ఓబుళప్ప ఒక్క తప్పు లేకుండా కాసెట్టు పూర్తి చేశాడు.

"ఎప్పుడు చేసినావో సావుకారికి చెప్పొద్దు" అంది కళావతి.

అతను చెప్పలేదు. మార్కండేయులు కాసెట్టు వేయించి, కళ్ళు మూసుకుని మొదట తల ఊపాడు. తర్వాత ఊపడం ఆపాడు.

"యాడ చేసినావప్పా?"

"ఇంట్లోనే అన్నా."

"మీ ఇంటి సుట్టూ నాలుగు మగ్గాలుండాయి. ఒక్కటన్నా పలకలేదే. ధర్మవరంలో మగ్గాలన్నీ ఒక్కసారే నిలబడేది ఎప్పుడు?"

ఓబుళప్ప గోడమీది క్యాలెండరు వైపు చూశాడు.

"నా పెండ్లి చీరలకి అమావాస్య మాట తెస్తావా?"

"మాట నాదన్నా, అమావాస్యది కాదు."

"మా అమ్మకు తెలిస్తే జీపుకు అడ్డం పండుకుంటాది. శుక్రవారం పొద్దున్నకి ఇంగొకటి తే. ల్యాకపోతే బెంగుళూరాయప్పకు ఫోన్ చేస్తా."

గురువారం పొద్దున బస్సుకే ఓబుళప్ప హిందూపురం పోయాడు. సన్న మైకు బల్ల మీద పెట్టి, సొట్టపోయినదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. నాగేంద్ర మిగిలిన డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నం పెదవులు జాలీకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు. మొదటి రెండుసార్లు అలవాటు కొద్దీ అరిచాడు, టేపు గరగరమంది. మూడోసారి పక్కవాడి చెవిలో రహస్యం చెబుతున్నట్టు చెప్పాడు.

కళావతి రాట్నం ఆపింది. "ఇన్నేండ్లకి ఇంట్లో మెల్లగా మాట్లాడినావు" అంది.

శుక్రవారం మార్కండేయులు మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఓబుళప్ప గొంతు ఎదురుగా కూర్చున్నట్టుంది. కుళ్ళాయమ్మ ఎక్కడా లేదు. చాలా దూరంలో మగ్గం ఒక్కటి సన్నగా కొట్టుకుంటోంది. ఆ మైకు అంతకంటే ఏమీ వినలేదు.

"ఈ దెబ్బ వెంకటేశులుది కదా?" అన్నాడు సావుకారు.

"అవునన్నా. మా ఎనకింట్లోనే."

"జ్వరమని నాలుగు దినాలు గడువు అడిగిపోయినాడు. బాగానే నేస్తాండాడు." కాసెట్టు తీసి డ్రైవరు చేతికిచ్చాడు. "పోనీ."

జీపు కదిలింది. బత్తలపల్లి క్రాసులో ఒక అవ్వ, లోపల మగ్గం ఎవరు నేస్తున్నారో చూద్దామని జీపులోకి వంగి చూసిందని చెబుతారు. అప్పుడు ఓబుళప్ప అక్కడే టీ తాగుతున్నాడు. తన గొంతే తన ముందు నుంచి పోతుంటే, సీట్లో ఎవరూ లేరు కదా అని చెయ్యి ఊపలేదు. గ్లాసు పెట్టేసి, ఇంకో అంగడివాళ్ళు చాటమని ఇచ్చిన కాగితం జేబులోంచి తీసి, మెల్లగా చదువుకోవడం మొదలుపెట్టాడు.